నవ్వుకూ యుద్ధానికీ ఒకటే మూలం: ‘ఫుల్ మెటల్ పానిక్’ రెండు ముఖాల వెనుక కారణాలు

సంక్షిప్తంగా: హైస్కూల్ హాస్యాన్నీ సైనిక పోరాటాన్నీ కలిపిన మెకా యానిమే (జపాన్ యానిమేషన్) ‘ఫుల్ మెటల్ పానిక్’ 2002 నుంచి 2018 వరకు నాలుగు సిరీస్‌లుగా వచ్చింది. వాటిలో ఒకటి పూర్తిగా నవ్వులాట, మరొకటి దాదాపు పూర్తిగా విషాదం. ఈ తేడా మూల నవలలు అచ్చైన పద్ధతిలోనే మొదలైంది. అయితే నవ్వూ యుద్ధమూ రెండూ కథానాయకుడి గతం నుంచే పుడతాయి. ఆ రెంటినీ ఎంత దగ్గరగా ఉంచగలిగారన్న దాన్నిబట్టి ఒక్కో సిరీస్ బలాబలాలు తేలుతున్నాయి.

యానిమేలు తెలుగు డబ్బింగ్‌తో వస్తున్న ఈ రోజుల్లో పాత సిరీస్‌ల జోలికి వెళ్లే ప్రేక్షకుడికి మెకా విభాగంలో, అంటే మనిషి లోపల కూర్చుని నడిపే భారీ యంత్రాల కథల్లో, ‘ఫుల్ మెటల్ పానిక్’ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. తగిలిన తరువాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నాలుగు సిరీస్‌ల పేర్లలో వరుస సంఖ్యలు లేవు. ‘ఫుమొఫ్ఫు’ అన్న పేరున్నదాన్ని ముందు చూసినవారు ఇది బడి అల్లరి కథ అనుకుంటారు. ‘ఇన్విజిబుల్ విక్టరీ’తో మొదలుపెట్టినవారికి మొదట్లోనే పెద్ద దాడి కనిపిస్తుంది, ఎవరు ఎవరో అర్థం కాదు. సమీక్షల్లోనూ ఇదే చీలిక ఉంది. స్వరం నిలకడగా లేదని కొందరు తప్పుపట్టిన చోటే, ఆ మార్పే దీని ప్రత్యేకత అని మరికొందరు మెచ్చుకుంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది కానీ, అవి ఏ సిరీస్ గురించి అన్నవన్నది చెప్పకపోతే రెండూ అసంపూర్ణమే.

కథా ప్రపంచం

ఇందులో ప్రచ్ఛన్న యుద్ధం ముగియలేదు. సోవియట్ యూనియన్ ఇంకా ఉంది, చైనా రెండుగా చీలింది. వాస్తవ ప్రపంచంలో లేని ‘ఆర్మ్ స్లేవ్’ అనే మనిషి ఆకారపు యుద్ధయంత్రాలు అన్ని సైన్యాల్లోనూ మామూలైపోయాయి. ఏ దేశానికీ చెందని ‘మిత్రిల్’ అనే రహస్య సైనిక సంస్థ పెద్ద యుద్ధాలు రాకుండా అడ్డుకుంటూ ఉంటుంది. ఆ సంస్థలో సార్జెంట్ సోసుకే సగారా. వయసు చూస్తే హైస్కూల్ విద్యార్థి, అనుభవం చూస్తే పాతకాపు. టోక్యోలోని జిందాయ్ హైస్కూల్‌లో చదువుతున్న కానామే చిదోరి అనే అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోయే ప్రమాదం ఉందని తెలిసి, ఆమెకు తెలియకుండా కాపలా కాయడానికి అతన్ని అదే తరగతిలో విద్యార్థిగా చేర్పిస్తారు. కాలానికి మించిన సాంకేతిక జ్ఞానం పుట్టుకతోనే మెదడులో ఇమిడి ఉన్న కొద్దిమందిలో ఆమె ఒకరు. కథలో వారిని ‘విస్పర్డ్’ అంటారు. ఆర్మ్ స్లేవ్‌ల వంటి వాటికి మూలం ఆ జ్ఞానమే కాబట్టి, ఆయుధాల పోటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆమె కావాలి.

ఈ ఏర్పాటులోని ముఖ్యమైన మెలిక సోసుకే పెంపకం. అతను హెల్మాజిస్తాన్ అనే కల్పిత దేశపు కొండల్లో, గెరిల్లాల మధ్య, కాషిమ్ అన్న పేరుతో తుపాకీ పట్టి పెరిగిన పిల్లవాడు. అతనికి బడి తెలియదు. శత్రువు ఎక్కడ దాగి ఉంటాడో తెలుసు.

పత్రిక పెట్టిన పద్ధతి

ఈ కథను షోజి గాటో లైట్ నవలలుగా, అంటే యువ పాఠకుల కోసం రాసే తేలికపాటి నవలలుగా రాశారు. 1998లో మొదలైన ప్రధాన కథ 2010లో ముగిసింది. ప్రచురణకర్త ఫుజిమి షోబో. ఆ సంస్థ తెచ్చే ‘డ్రాగన్ మ్యాగజైన్’లో చిన్న కథలు విడివిడిగా వచ్చేవి, పెద్ద కథ నేరుగా పుస్తకాలుగా వచ్చేది. చిన్న కథలు బడిలో జరిగే హాస్యం, పెద్ద కథ యుద్ధం. ఈ పద్ధతి గాటో కనిపెట్టినది కాదు. అదే సంస్థ అంతకుముందు ‘స్లేయర్స్’ విషయంలో ఇలాగే ప్రధాన కథను ఒక దారిలో, నవ్వు పుట్టించే చిన్న కథలను మరో దారిలో నడిపింది.

పద్ధతి వ్యాపార అవసరం నుంచి వచ్చినా దాని ప్రభావం కథ స్వభావం మీద పడింది. పత్రికలోని కథను ఆ సంచిక మాత్రమే కొన్న పాఠకుడు కూడా చదివి ఆనందించగలగాలి. కాబట్టి చిన్న కథలో ఎవరూ చనిపోకూడదు, సంబంధాలు మారకూడదు, ఎంత విధ్వంసం జరిగినా వచ్చే నెలకు బడి యథాస్థితికి రావాలి. పుస్తకం కొన్నవాడు ముందు పుస్తకాలు చదివే ఉంటాడు. అతని కోసం పాత్రలు గాయపడవచ్చు, మారవచ్చు, పోవచ్చు. అంటే ఒకే పాత్రలు రెండు రకాల కాలంలో బతికాయి. బడిలో కాలం కదలదు, యుద్ధంలో కదులుతుంది. పాఠకుడు ఒకదాన్ని పత్రికలోనూ మరొకదాన్ని పుస్తకంలోనూ చదువుతున్నంతకాలం ఈ తేడా ఇబ్బంది పెట్టలేదు.

టెలివిజన్‌కు వచ్చేసరికి ఈ వెసులుబాటు పోయింది. వారానికి ఒక భాగం, ఒకే సమయం, ఒకే ప్రేక్షకుడు. రెండింటినీ ఒకే చోట ఎలా సర్దాలన్న ప్రశ్నకు నాలుగు సిరీస్‌లు నాలుగు సమాధానాలు ఇచ్చాయి.

నవ్వు పుట్టే చోటు

సిరీస్‌లోని హాస్యం ఎలా పనిచేస్తుందో చూడటానికి బాగా పేరుపడిన ఒక ఘట్టం చాలు. బడికి వచ్చిన సోసుకే తన చెప్పుల అరను ఎవరో తెరిచారని గుర్తిస్తాడు. జపాన్ బడుల్లో లోపలికి వెళ్లే ముందు బయటి చెప్పులు విప్పి పెట్టుకునే చిన్న పెట్టె అది. అందులో పేలుడు పదార్థం ఉండవచ్చని లెక్కవేసి, సురక్షితంగా నిర్వీర్యం చేయాలన్న ఉద్దేశంతో పెట్టెనే పేల్చేస్తాడు. లోపల ఉన్నది ఎవరో అమ్మాయి పెట్టిన ప్రేమలేఖ. కానామే మడత కాగితపు విసనకర్రతో అతని తల మీద ఒకటి ఇస్తుంది. జపాన్ హాస్య ప్రదర్శనల్లో జంటలో ఒకరు రెండోవారిని ఇలా కొట్టడం చాలాకాలంగా ఉన్న అలవాటే.

ఇక్కడ సోసుకే చేసిన ప్రతి పనీ సైనిక శిక్షణ ప్రకారం సరైనదే. అర తెరిచి ఉండటాన్ని గమనించడం, అనుమానించడం, చుట్టుపక్కలవారిని దూరంగా పంపడం, ఇవన్నీ యుద్ధభూమిలో ప్రాణం కాపాడే అలవాట్లు. తప్పు చోటు మాత్రమే. పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలగానే నేలకు అతుక్కుపోయిన మనిషిని చూసి జనం నవ్వుతారు, అతను ఎక్కడి నుంచి వచ్చాడో తెలిశాక ఆ నవ్వు అలాగే ఉండదు. సిరీస్ నడక మొత్తం ఈ రెండు క్షణాల మధ్య దూరం మీద ఆధారపడి ఉంది. తరగతిలో అందరూ అతన్ని విదేశాల్లో పెరిగి వచ్చిన యుద్ధాల పిచ్చివాడనే అనుకుంటారు. అసలు సంగతి కానామేకు, ప్రేక్షకుడికి మాత్రమే తెలుసు. కాబట్టి ప్రేక్షకుడు నవ్వుతున్నప్పుడు తరగతితో కలిసి నవ్వడు. కొంచెం ఎక్కువ తెలిసి నవ్వుతాడు.

స్వరం నిలకడగా లేదన్న విమర్శ ఈ విషయాన్ని తరచుగా వదిలేస్తుంది. హాస్య భాగాలూ యుద్ధ భాగాలూ వేర్వేరు రుచులు కావు. ఒకే గాయం సురక్షితమైన చోట బయటపడితే హాస్యంగా, ప్రమాదకరమైన చోట బయటపడితే నైపుణ్యంగా కనిపిస్తుంది.

2002: అతుకులు కనిపించే మొదటి ప్రయత్నం

మొదటి సిరీస్‌ను గోంజో స్టూడియో 24 భాగాలుగా తీసింది. దర్శకుడు కోయిచి చిగిరా. 2001లోనే రావలసిన సిరీస్ సెప్టెంబరు 11 దాడుల కారణంగా వెనక్కి జరిగి, 2002 జనవరిలో వావ్‌వావ్ చానల్‌లో మొదలైంది. తొలి నవలలో విద్యార్థులు విహారయాత్రకు ఒకినావా వెళ్తున్న విమానాన్ని గౌరోన్ అనే ఉగ్రవాది దారి మళ్లిస్తాడు. ఆ సమయంలో దాన్ని ప్రసారం చేయడం ఎందుకు కష్టమైందో విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సిరీస్ ఎంచుకున్న మార్గం వంతులవారీ. మొదటి ఏడు భాగాలు తొలి నవల, ఆ తరువాత చిన్న కథల నుంచి కొన్ని, మళ్లీ పెద్ద కథ, చివరి ఏడు భాగాలు జలాంతర్గామి మీద జరిగే ‘ఇన్‌టు ద బ్లూ’ నవల. విమానం దారి మళ్లే ఘట్టం బలంగా ఉంటుంది. అప్పటిదాకా తుపాకీ పట్టుకున్నందుకు తిట్లు తిన్న అబ్బాయి ఒక్కసారిగా ఆ గుంపులో ఏం చేయాలో తెలిసిన ఏకైక మనిషిగా మారతాడు, చూస్తున్న కానామే కళ్లతో ప్రేక్షకుడూ అతన్ని కొత్తగా చూస్తాడు. అయితే ఆ తీవ్రత తరువాత వచ్చే బడి భాగాలు చిన్నవిగా అనిపిస్తాయి. పత్రికలో అర్ధగంటలో చదివి పక్కన పెట్టే కథ, విమానం నుంచి ప్రాణాలతో బయటపడిన వారం తరువాత తెర మీద చూస్తే పొసగదు.

15 నుంచి 17 వరకు ఉన్న మూడు భాగాలు మాత్రం వేరే తరహాలో సాగుతాయి. సోసుకే హెల్మాజిస్తాన్‌కు తిరిగి వెళ్తాడు. హాస్యం దాదాపు ఉండదు. బడిలో నవ్వు పుట్టించిన అలవాట్లు ఏ కొండల్లో అబ్బాయో ఇక్కడ కనిపిస్తుంది. మొదటి సిరీస్‌లో ఎక్కువ శ్రద్ధతో చూడదగినవి ఇవే. మిగిలిన సిరీస్‌కూ వీటికీ మధ్య వంతెన బలహీనంగా ఉండటం మాత్రం లోపమే.

2003: యంత్రం లేని మెకా

రెండో సిరీస్ ‘ఫుమొఫ్ఫు’ యుద్ధాన్ని పూర్తిగా తీసేసింది. 12 భాగాలు, అన్నీ చిన్న కథలే. క్యోటో యానిమేషన్ స్టూడియో ప్రధాన నిర్మాతగా చేసిన మొదటి టీవీ సిరీస్ ఇదే. దర్శకుడు యసుహిరో తకెమొతో. ఆర్మ్ స్లేవ్ కనిపించని ఈ సిరీస్‌ను మెకా అనవచ్చా అన్న సందేహం కలుగుతుంది. జవాబు బొంటా అనే బొమ్మ వేషంలో ఉంది. వినోద పార్కులో పిల్లల్ని అలరించే ముద్దైన జంతువు వేషాన్ని సోసుకే కవచంగా, సెన్సర్లతో, ఆయుధాలతో పునర్నిర్మిస్తాడు. మాట్లాడితే మాత్రం బయటికి ‘ఫుమొఫ్ఫు’ అన్న శబ్దమే వస్తుంది. లోపల సైనికుడు, బయట బడిపిల్లల లోకం. అంటే మెకా ఆలోచననే నవ్వులాటగా మార్చి చూపించారు.

ఈ సిరీస్‌లో అన్నిటికంటే పదునైన కథ రగ్బీ జట్టుది. ఈగకు కూడా హాని చేయని మెత్తని కుర్రాళ్ల జట్టుకు సోసుకే శిక్షకుడవుతాడు. సైనిక శిబిరం తరహాలో తిట్లూ అవమానాలూ గుప్పించి కొద్దిరోజుల్లో వాళ్లను రక్తదాహంతో ఊగిపోయే మూకగా మార్చేస్తాడు. జట్టు గెలుస్తుంది. కథ నవ్విస్తుంది కూడా. కానీ చిన్న వయసులో సోసుకేకు జరిగినదే ఆ కుర్రాళ్లకూ జరిగిందని సిరీస్ ఒక్క మాటతోనైనా ఎత్తిచూపదు. తెలిసినవారికి తెలుస్తుంది, లేనివారు నవ్వుకుని వెళ్లిపోతారు. చెప్పకుండా వదిలేయడమే ఈ సిరీస్ చేసిన తెలివైన పని.

ఆర్మ్ స్లేవ్ ఎలా కదులుతుంది

మెకా కథల్లో యంత్రం నడిచే తీరుకూ కథ తీరుకూ సంబంధం ఉంటుంది. 1979 నాటి ‘మొబైల్ సూట్ గండం’ సిరీస్‌లోని యంత్రం 18 మీటర్ల ఎత్తు. ఆర్మ్ స్లేవ్ దాదాపు ఎనిమిది మీటర్లు, అంటే సుమారు రెండంతస్తుల ఇల్లంత. చెట్ల చాటున, భవనాల మధ్య దాక్కోగల పరిమాణం. అందుకే ఇక్కడి పోరాటాలు యుద్ధనౌకల ఢీకంటే పదాతిదళపు మాటువేతకు దగ్గరగా ఉంటాయి. కత్తి, తుపాకీ, మందుపాతర, దాగుడుమూతలు.

నడిపేవాడు లోపల మీటలు పట్టుకుని కూర్చోడు. అతని చేతులూ కాళ్లూ యంత్రపు తొడుగుల్లో ఉంటాయి, అతని కదలికను యంత్రం అనుకరిస్తుంది. లోపల చోటు ఇరుకు కాబట్టి చిన్న కదలికను పెద్దదిగా మార్చే నిష్పత్తి ఒకటి ఉంటుంది. దాన్ని మూడింతలకు సరిచేసుకుంటే మోచేయి పది డిగ్రీలు వంచినప్పుడు యంత్రపు చేయి ముప్ఫై డిగ్రీలు వంగుతుంది. నిష్పత్తి పెరిగేకొద్దీ వేగం వస్తుంది, నిలకడ తగ్గుతుంది. ఎవరికి ఏది కుదురుతుందో వారి శరీరాన్నిబట్టి ఉంటుంది. ఇంత వివరం కథకు అక్కరకు వచ్చేది ఎక్కడంటే, యంత్రం ఎంత గొప్పదైనా నడిపేవాడి శరీరపు అలవాట్లే దానిలో కదులుతాయి. తరాల తేడా కూడా స్పష్టంగా చూపిస్తారు. కప్ప మొహం వంటి తలతో, రొద చేసే ఇంజనుతో వచ్చే సోవియట్ సావేజ్ పాత తరం. పల్లాడియం రియాక్టర్‌తో చప్పుడు లేకుండా పరుగెత్తే ఎమ్9 కొత్త తరం.

ఈ వాస్తవికతను భంగపరిచేది లాంబ్డా డ్రైవర్. సోసుకే నడిపే ఆర్బలెస్ట్‌లో ఉన్న ఈ పరికరం మనిషి సంకల్పాన్ని భౌతిక శక్తిగా మారుస్తుంది. గుండు తగలదని గట్టిగా నమ్మితే తగలదు. సైనిక వాస్తవికత కోరుకునే ప్రేక్షకులకు ఇది మోసంలా అనిపించడం సహజం. కానీ సోసుకేకు ఇంతకంటే చెడ్డ ఆయుధాన్ని ఎవరూ ఇవ్వలేరు. అతను నమ్మేది కొలతలను, అభ్యాసాన్ని, పరికరాల నాణ్యతను. తన మనసును నమ్మమని అడిగే యంత్రం అతనికి నమ్మదగని సైనికుడితో సమానం. ఆర్బలెస్ట్ అంటే అతనికి చిరాకు, దానిలోని కృత్రిమ మేధ ‘ఆల్’ కబుర్లు మొదలుపెడితే ఇంకా చిరాకు. లాంబ్డా డ్రైవర్‌ను శాస్త్రీయంగా సమర్థించలేం, కథాపరంగా సమర్థించవచ్చు.

2005: రెండూ కలిసిన చోటు

తకెమొతో దర్శకత్వంలోనే క్యోటో యానిమేషన్ తీసిన 13 భాగాల ‘ది సెకండ్ రెయిడ్’ నాలుగింటిలోనూ మెరుగైనది. కారణం హాస్యం తగ్గడం కాదు. బడిలో కూడా కాలం కదలడం మొదలుకావడం.

కానామే తన ఇంట్లో సోసుకేకు జుట్టు కత్తిరించే సన్నివేశం దీనికి మంచి ఉదాహరణ. ఎవరైనా కత్తెర పట్టుకుని మెడ దగ్గరకు వస్తే అతని శరీరం ఊరుకోదు. చిన్న కథల్లో ఇదొక అల్లరికి సరిపడే సరుకు. ఇక్కడ ఆమె కత్తెర పట్టుకుంటుంది, అతను కునుకు తీస్తాడు. ఎవరూ ఏమీ వివరించరు. ఇంతకుముందు నవ్వు తెప్పించిన అలవాటు ఒకరి చేతుల్లో సడలింది, అంతే. పేలుళ్లతో నిండిన సిరీస్‌లో ఇద్దరి మధ్య దూరం ఎంత తగ్గిందో చెప్పే కొలత ఇదే.

ఆ వెంటనే మిత్రిల్ ఆ కాపలా బాధ్యత నుంచి సోసుకేను తప్పిస్తుంది. వీడ్కోలు కూడా చెప్పకుండా అతను మాయమవుతాడు. టోక్యోలో ఒంటరిగా మిగిలిన కానామేను హంతకురాలు వెంటాడుతుంది. కాపాడటానికి ఎవరూ రారని గ్రహించి, భయపడుతూనే తన బుర్రతో తాను ఎదురుతిరుగుతుంది. ఎప్పుడూ ఎత్తుకుపోబడే అమ్మాయిగానే ఉందన్న ఫిర్యాదుకు ఈ భాగాలు గట్టి జవాబు. అక్కడ సోసుకే, రెండుగా విడిపోయిన హాంకాంగ్‌లో, ఎందుకు పోరాడుతున్నాడో తెలియక ఆయుధం వదిలేసే స్థితికి వస్తాడు. మంచాన పడి ఉన్న గౌరోన్, ఆమె చనిపోయిందని అబద్ధం చెప్పి అతన్ని పూర్తిగా కూల్చేస్తాడు. శిక్షణ అంతా ఉన్నా లేవలేని మనిషిని చివరికి లేపేది కాగితపు విసనకర్ర అలవాటున్న ఆ అమ్మాయే. ఆమె హాంకాంగ్ దాకా వచ్చి అతన్ని తిడుతుంది, కొడుతుంది. బడిలో హాస్యం కోసం పుట్టిన చర్య యుద్ధపు మలుపుగా మారింది. లాంబ్డా డ్రైవర్ ఆ తరువాతే పనిచేస్తుంది.

ఈ రెండు సిరీస్‌ల దర్శకుడు తకెమొతో 2019 జులై 18న క్యోటో యానిమేషన్ మీద జరిగిన దహనకాండలో మరణించిన 36 మందిలో ఒకరు.

2018: గోడ కూలినప్పుడు

పదమూడేళ్ల విరామం తరువాత జీబెక్ స్టూడియో తీసిన ‘ఇన్విజిబుల్ విక్టరీ’ 12 భాగాలు వచ్చింది. దర్శకుడు కత్సుయిచి నకయమ. కథా నిర్మాణం చూసుకున్నది స్వయంగా గాటో. శత్రు సంస్థ అమాల్గమ్ మిత్రిల్ స్థావరం మీదా, టోక్యోలో కానామే మీదా ఒకేసారి విరుచుకుపడుతుంది. జిందాయ్ హైస్కూల్ యుద్ధభూమి అవుతుంది. కానామే స్నేహితురాలు, కెమెరా పట్టుకుని నవ్వుతూ తిరిగే క్యోకో, బందీ అయి తీవ్రంగా గాయపడుతుంది. ఆర్బలెస్ట్ ధ్వంసమవుతుంది. మిగిలినవారి ప్రాణాల కోసం కానామే శత్రువు వెంట వెళ్తుంది. బడిలో సహాధ్యాయుల ముందు నిలబడి సోసుకే తాను ఎవరో చెప్పి, ఆమెను తిరిగి తీసుకువస్తానని మాట ఇచ్చి వెళ్లిపోతాడు.

పత్రిక కథల నియమం ఇక్కడ ఉద్దేశపూర్వకంగా భగ్నమైంది. ఎన్ని పేలినా మరుసటి నెలకు మామూలైపోయే బడి ఈసారి మామూలు కాలేదు. ఆ చెప్పుల అరలను, విసనకర్రలను, బొంటా వేషాన్ని గుర్తుపెట్టుకున్న ప్రేక్షకుడికి ఈ మొదటి నాలుగు భాగాలు మామూలు దెబ్బ కాదు. కొత్తగా వచ్చినవాడికి మాత్రం ఎవరో విద్యార్థిని గాయపడినట్టే ఉంటుంది. సిరీస్ ఈ అంతరాన్ని పూడ్చే ప్రయత్నం పెద్దగా చేయలేదు. క్యోకో ఎవరో తెలియడానికి పదిహేనేళ్ల కిందటి హాస్య సిరీస్ చూసి ఉండాలి.

తరువాతి భాగాలు నామ్‌సాక్ అనే ఊరిలో సాగుతాయి. ఆర్మ్ స్లేవ్‌లతో పందేలు కాసే ఆ ఊళ్లో, నామి అనే అమ్మాయి జట్టు కోసం సోసుకే పాత సావేజ్‌ను నడుపుతాడు. యంత్రం కంటే నడిపేవాడి అలవాట్లు ముఖ్యమన్న విషయం ఇక్కడ చక్కగా తేలుతుంది. మరోవైపు, ఆర్మ్ స్లేవ్‌ల పోరాటాలకు కంప్యూటర్ యానిమేషన్ మీద ఎక్కువగా ఆధారపడటంతో వాటి బరువు తగ్గింది, 2005 నాటి చేతి గీతల చురుకుతో పోలిస్తే వెలితి కనిపిస్తుంది. కథ ముగింపు రాకుండానే సిరీస్ ఆగిపోయింది. కొద్దికాలానికే జీబెక్ యానిమేషన్ వ్యాపారం సన్‌రైజ్ చేతికి వెళ్లింది.

మిగతా సిరీస్‌లలో బడి చేసే పని

బడిని యుద్ధంతో కలిపిన మెకా సిరీస్‌లు చాలా ఉన్నా, అన్నిటిలో బడి పని ఒకటి కాదు. 1995 నాటి ‘ఎవాంజెలియన్’లో బడి మామూలు చోటుగా కనిపించినా, ఆ తరగతిని అక్కడ చేర్చిన కారణమే మామూలుది కాదని తరువాత తెలుస్తుంది. 2006 నాటి ‘కోడ్ గియాస్’లో ఆష్‌ఫర్డ్ అకాడమీ ముసుగు. తిరుగుబాటు నాయకుడు పగలు విద్యార్థిగా దాక్కునే చోటు. 2013లో వచ్చిన ‘వాల్వ్‌రేవ్’లో విద్యార్థులు తమ బడినే స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంటారు. 2022లో మొదలైన ‘ద విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’లో ఆస్టికాసియా విద్యాలయం ఆయుధ కంపెనీల సమూహానికి చెందినది, అక్కడి ద్వంద్వ యుద్ధాలు కంపెనీల ప్రయోజనాలకు సాధనాలు.

‘ఫుల్ మెటల్ పానిక్’లో బడి వీటిలో దేనికీ చెందదు. జిందాయ్ కేవలం బడి. దానికి రహస్యం లేదు, కుట్రలో భాగం లేదు. యుద్ధం బయటి నుంచి వస్తుంది, అదీ సోసుకే రూపంలో. కానామేను కాపాడటానికి వచ్చినవాడే ప్రమాదాన్ని వెంట తెచ్చాడన్న ఆరోపణకు ఇందులో చోటుంది, 2018లో సహాధ్యాయుల ముందు అతను తలవంచుకున్నది అందుకే. ‘ద విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ బడికీ హత్యకూ మధ్య గోడను 12వ భాగంలో ఒక్క చేతి దెబ్బతో కూల్చింది. ‘ఫుల్ మెటల్ పానిక్’ అదే పనికి పదహారేళ్లు తీసుకుంది.

ఒప్పుకోవలసిన బలహీనతలు

2002 సిరీస్ మూడో భాగం లోదుస్తుల దొంగతనం చుట్టూ తిరుగుతుంది. అప్పటి యానిమేల్లో ఇలాంటివి మామూలే అయినా ఇప్పుడు చూస్తే పేలవంగా ఉంటుంది. మిత్రిల్ జలాంతర్గామికి కెప్టెన్ అయిన పదహారేళ్ల టెస్సాను కానామేకు పోటీగా నిలిపే ప్రేమ త్రికోణం ఆమె పాత్రకున్న బరువును తగ్గిస్తుంది.

అంతకంటే పెద్ద ప్రశ్న పిల్ల సైనికుల గురించి. పిల్లలను సాయుధ పోరాటాల్లోకి దించరాదన్న ఐక్యరాజ్యసమితి ఐచ్ఛిక ఒడంబడిక 2002 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, మొదటి సిరీస్ అప్పటికి ప్రసారమవుతూ ఉంది. ప్రత్యక్ష పోరాటానికి కనీస వయసు పద్దెనిమిది అని అది చెబుతుంది. సోసుకే, టెస్సా ఇద్దరూ దానికి లోబడరు. మిత్రిల్ మంచివాళ్ల సంస్థగా చూపబడినా, గెరిల్లాలు మొదలుపెట్టిన పనినే అదీ కొనసాగిస్తోంది. సిరీస్ ఈ విషయాన్ని నేరుగా అడిగిన సందర్భాలు తక్కువ. 2005లో సోసుకే ఆజ్ఞను ధిక్కరించినప్పుడు దాని అంచు కనిపిస్తుంది. హెల్మాజిస్తాన్ వంటి కల్పిత పేరు వాడటం వల్ల నిజమైన దేశాల బాధ్యతల గురించి మాట్లాడే అవసరమూ తప్పిపోయింది.

ఏ వరుసలో చూడాలి

విడుదలైన వరుసే సరైనది. 2002, 2003, 2005, 2018. హాస్యం నచ్చనివారు ‘ఫుమొఫ్ఫు’ను దాటవేయాలనుకుంటారు, దాని వల్ల తరువాతి కథ తెగిపోదు కూడా. కానీ 2018 నాటి బడి భాగాలకు బరువునిచ్చేది అదే. కనీసం సగమైనా చూసి ముందుకు వెళ్లడం మంచిది. మొదటి సిరీస్ మధ్యలో నీరసించినవారు 15వ భాగానికి చేరేదాకా ఓపిక పట్టవచ్చు.

2018 సిరీస్ ఆగిన చోటు నుంచి 2010లో ముగిసిన నవల చివరి వరకు ఉన్న కథ కోసం పుస్తకాలనే ఆశ్రయించాలి. గాటో 2024లో ‘ఫుల్ మెటల్ పానిక్ ఫ్యామిలీ’ అన్న కొత్త నవలా వరుసను మొదలుపెట్టారు. అందులో సోసుకే, కానామేలకు పెళ్లయి పిల్లలున్నారు.